స్పానిష్‌లో 'వెళ్ళొస్తా' ఎలా చెప్తారు?

1991లో వచ్చిన 'టెర్మినేటర్ 2' పుణ్యమా అని, స్పానిష్ ఒక్క ముక్క రానివాళ్లకి కూడా 'ఆస్తా లా విస్తా' తెలుసు. తమాషా ఏంటంటే, స్పెయిన్‌లో ఆ సినిమాని డబ్ చేసినప్పుడు ఆ మాట తీసేసి జపనీస్ మాట 'సయొనారా' పెట్టారు. మనకి స్టైల్‌గా వినిపించేది వాళ్లకి సొంత భాషే కదా, ఇక కిక్ ఏముంటుంది! పైగా ఆఫీసు నుంచి ఇంటికెళ్లేవాళ్లు, కొట్లోంచి బయటికొచ్చేవాళ్లు ఆ మాట పెద్దగా వాడరు. మరి ఏమంటారు?

నేను పనిచేసే టీమ్‌లో సగం మంది మెక్సికో సిటీలో ఉంటారు. నా స్పానిష్ అలా మొదలైంది. ఈ రెండేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. ఇంగ్లిష్ మీదుగా వెళ్తే స్పానిష్ పలకరింపులు బట్టీ పట్టాల్సిన లిస్టులా ఉంటాయి. తెలుగు మీదుగా వెళ్తే సగం దారి మనకి ముందే తెలుసు. మిగతా సగంలో మాత్రం కాస్త జాగ్రత్తగా నడవాలి.

నోరు తిరుగుతుంది, భయం వద్దు

ముందు పలకడం సంగతి. 'ఓలా' అంటే హలో. రాసేటప్పుడు ముందు 'హెచ్' ఉంటుంది కానీ పలకరు. ఫోన్‌లో క్యాబ్ బుక్ చేసే యాప్ పేరులాగే అనేయండి, సరిపోతుంది. స్పానిష్ 'టి', 'డి' అక్షరాలు ఇంగ్లిష్‌లోలా 'ట', 'డ' కావు. అచ్చంగా మన 'త', 'ద'లకి దగ్గర. అమెరికావాళ్లు నెలల తరబడి ప్రాక్టీస్ చేసే ఈ శబ్దాలు మనకి పుట్టుకతో వచ్చినవే. 'రేపు' అనడానికి వాడే 'మన్యానా'లో వినిపించేది, అక్షరమాలలో మనం ఎప్పుడూ దాటేసే 'ఞ'. చివరికి దానికీ ఓ పని దొరికింది.

కొట్లో అడుగు పెట్టగానే

ఇక్కడ మనం జాగ్రత్త పడాలి. మన దగ్గర కిరాణా కొట్టుకెళ్లి "ఏవండీ, కిలో పంచదార ఇవ్వండి" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఎందుకంటే మర్యాదంతా ఆ 'అండి'లో ఉంది. 'శుభోదయం' అనే మాట వాట్సాప్ పువ్వుల ఫొటోల మీద తప్ప ఎక్కడా కనిపించదు. నోటితో మనం అడిగేది "బాగున్నారా?", "తిన్నారా?" అనే.

స్పెయిన్‌లో, మెక్సికోలో అలా కాదు. కొట్లోకి వెళ్లినా, లిఫ్ట్ ఎక్కినా, డాక్టర్ దగ్గర వెయిటింగ్ హాల్లో కూర్చున్నా ముందు పలకరింపు, తర్వాతే పని. పొద్దున 'బ్వెనోస్ దియాస్', మధ్యాహ్నం నుంచి 'బ్వెనాస్ తార్దెస్', చీకటి పడ్డాక 'బ్వెనాస్ నోచెస్'. చివరిది ఇంగ్లిష్ 'గుడ్ నైట్'లా పడుకునే ముందు మాత్రమే కాదు, రాత్రి ఎవరైనా ఎదురైతే పలకరించడానికీ అదే. మూడూ గుర్తు రాకపోతే 'బ్వెనాస్' అని ఒక్క ముక్క అనండి, ఏ టైంకైనా నడుస్తుంది.

ఇందులోనూ ఓ మెలిక ఉంది. మెక్సికోలో పన్నెండు దాటితే 'తార్దెస్'. స్పెయిన్‌లో భోజనాలే రెండు, మూడింటికి. అందుకే అక్కడ ఒంటిగంటకి కూడా 'బ్వెనోస్ దియాస్' వినిపిస్తుంది. గడియారం కన్నా కంచం ముఖ్యం అన్నమాట.

చదువుకో, ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లు ఇదొక్కటి తెలియక 'పొగరు' అనే పేరు తెచ్చుకునే అవకాశం ఉంది. మనం మొహమాటపడి మౌనంగా నిలబడతాం. అవతలివాళ్లకి అది మొహమాటంలా కనిపించదు, లెక్కలేనితనంలా కనిపిస్తుంది.

నువ్వా, మీరా?

ఇక్కడ మళ్లీ మనదే పైచేయి. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే 'యూ'. స్పానిష్‌లో 'తూ' అంటే నువ్వు, 'ఉస్తెద్' అంటే మీరు. ఈ 'ఉస్తెద్' పాతకాలపు 'బ్వెస్త్రా మెర్సెద్' అనే గౌరవ సంబోధన అరిగి అరిగి మిగిలిన మాట. మన 'తమరు' లాంటిదే అనుకోండి. "ఎలా ఉన్నావ్?" అంటే 'కోమో ఎస్తాస్?', "ఎలా ఉన్నారు?" అంటే 'కోమో ఎస్తా?'. చివర ఒక్క 'స్' తేడా. తెలుగులో 'వ్'కీ 'రు'కీ ఉన్నంత తేడా అది. జవాబు 'బియెన్, గ్రాసియాస్'. బాగున్నా, థాంక్స్ అని. ఆ వెంటనే 'ఇ తూ?' అనో 'ఇ ఉస్తెద్?' అనో తిరిగి అడగడం మర్చిపోవద్దు.

మన 'గారు'కి కూడా జోడీ ఉంది. 'దోన్', ఆడవాళ్లకైతే 'దోన్యా'. ఇంటిపేరుకి కాదు, అసలు పేరుకి తగిలిస్తారు. దోన్ కార్లోస్, దోన్యా మరియా. కార్లోస్ గారు, మరియా గారు అన్నట్టే.

అయితే ఊరు మారితే లెక్క మారుతుంది. స్పెయిన్‌లో ఆఫీసుల్లో 'తూ' చాలా మామూలు. కొలంబియా రాజధాని బొగొతాలో స్నేహితులు, ఇంట్లోవాళ్లు కూడా 'ఉస్తెద్' అనుకోవడం వింటాం. అర్జెంటీనాలో 'తూ' బదులు 'బోస్' అంటారు. కొత్తవాళ్లతో, పెద్దవాళ్లతో 'ఉస్తెద్'తో మొదలుపెట్టడమే మంచిది. దగ్గరవాళ్లం అనుకుంటే వాళ్లే "తూ అనండి" అని చెప్తారు. మన దగ్గర "మీరు ఏంట్రా, నువ్వు అను" అన్నట్టు.

బుగ్గ దగ్గర గుండె దడ

నమస్కారం పెట్టి పెరిగిన మనకి అసలు పరీక్ష ఇదే. స్పెయిన్‌లో పరిచయం చేయగానే అమ్మాయిలు, అబ్బాయిలు ఒకరికొకరు రెండు బుగ్గలూ ఆనిస్తారు. ఇద్దరూ మగవాళ్లైతే సాధారణంగా షేక్ హ్యాండ్, దగ్గరవాళ్లైతే కౌగిలి. మెక్సికో, కొలంబియాల్లో ఒక్క బుగ్గే. అర్జెంటీనాలో మగ స్నేహితులు కూడా బుగ్గ ఆనించి పలకరించుకుంటారు. పేరుకి ముద్దే కానీ పెదాలు తగలవు. బుగ్గకి బుగ్గ తాకించి గాల్లో చిన్న శబ్దం, అంతే. అందులో రొమాన్స్ వెతక్కండి.

మీకు ఇబ్బందిగా ఉంటే నవ్వుతూ ముందే చెయ్యి చాపండి. చాపి 'ముచో గుస్తో' అనండి. మిమ్మల్ని కలవడం సంతోషం అని. ఆఫీసు మీటింగ్‌లో ఎలాగూ షేక్ హ్యాండ్‌తో పని జరిగిపోతుంది.

పింగ్ చేసే ముందు

మన ఐటీ వాళ్లకో మాట. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే మెక్సికో సిటీలో అదే రోజు పొద్దున తొమ్మిది. మనం ఇంటికెళ్లే తొందరలో "లాగ్ ఫైల్ పంపండి" అని ఒక్క లైన్ కొడతాం. అప్పుడే కాఫీ కప్పుతో కూర్చున్న మనిషికి రోజు మొదలయ్యేది ఆ లైన్‌తో. అలాగని ఉత్త "హాయ్" కొట్టి జవాబు కోసం కూర్చోవడమూ టైం వేస్టే. 'బ్వెనోస్ దియాస్, కోమో ఎస్తాస్?' అని రాసి, అదే మెసేజ్‌లో పని కూడా చెప్పేయండి. మన టైం చూసి 'నోచెస్' అనకండి, వాళ్ల టైం చూసి పలకరించండి. మా టీమ్‌లో ఇది అలవాటయ్యాక, లాగ్ ఫైల్‌తో పాటు వారాంతం కబుర్లు కూడా రావడం మొదలైంది.

వెళ్ళొస్తా

ఇప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు. మనం గుమ్మం దాటేటప్పుడు 'వెళ్తా' అంటే పెద్దవాళ్లు ఊరుకోరు. 'వెళ్ళొస్తా' అనాలి. స్పానిష్‌వాళ్ల 'ఆస్తా లువేగో' సరిగ్గా అలాంటిదే. 'మళ్లీ తర్వాత కలిసేదాకా' అని. జన్మలో మళ్లీ చూడని కొట్టువాడికి కూడా ఇదే అంటారు. రేపు కలుస్తామంటే 'ఆస్తా మన్యానా'. స్నేహితులైతే 'నోస్ బెమోస్' లేదా 'చావ్'. 'కుయిదాతే' అంటే మన 'జాగ్రత్త'. ఈ 'ఆస్తా' అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. స్పెయిన్‌లో ముస్లిం రాజ్యాలు 1492 దాకా సాగాయి, ఆ గుర్తు ఇప్పటికీ రోజూ నోట్లో నానుతోంది.

మరి 'అదియోస్'? విడదీస్తే 'దేవుడి దగ్గరికి' అని. అంటే దేవుడికి అప్పజెప్పడం. దారిలో ఎదురై ఆగకుండా వెళ్లిపోయేటప్పుడు అనేవాళ్లున్నారు. కానీ చాలాచోట్ల ఎక్కువ కాలం విడిపోతున్నప్పటి బరువు దానికుంటుంది. రోజూ కాల్ చివర వాడాల్సినంత తేలిక మాట కాదు.

పార్టీకెళ్తే ఇంకో సంగతి. చెప్పకుండా జారుకోవడాన్ని స్పానిష్‌లో 'ఫ్రెంచివాళ్లలా సెలవు తీసుకోవడం' అంటారు. అది మెచ్చుకోలు కాదు! ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి విడివిడిగా చెప్పాలి. మన పెళ్లిళ్లలో బయల్దేరడానికి గంట పట్టినట్టే పడుతుంది. ఆ గంటని ముందే లెక్కేసుకోండి.

రేపు ఏ యాప్‌లోనో స్పానిష్ పాఠం తెరిచినప్పుడు, తెర మీద 'యూ' అని కనిపించిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగండి. నోట్‌బుక్‌లో దాని పక్కన 'నువ్వు' అని రాయాలా, 'మీరు' అని రాయాలా తేల్చుకోండి. ఆ తేడా తెలిస్తే నలభై మాటలు వచ్చినా చాలు, ఎదుటి మనిషి మీతో ఇంకో రెండు నిమిషాలు మాట్లాడతారు.