తోడుకి కాస్త పెరుగుందా అండీ?

పోయినేడు వానాకాలంలో ఓ రాత్రి. పదకొండు దాటింది. నేను ఆన్‌సైట్ వాళ్లతో కాల్‌లో ఉన్నా. పక్క ఫ్లాట్‌లోంచి గిన్నె పడ్డ చప్పుడు, వెంటనే చెంపదెబ్బ, ఆపైన ఆవిడ ఏడుపు. నేనేం చేశానో తెలుసా? హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ పెంచుకున్నా. 'మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకులే' అనుకున్నా. మర్నాడు లిఫ్ట్‌లో ఆయన గుడ్ మార్నింగ్ అంటే, నేనూ అన్నా. ఆవిడ మాత్రం తలెత్తలేదు.

ఆడవాళ్లపై హింస అనగానే మనకి చీకటి రోడ్డు, ముక్కూమొహం తెలియని దుర్మార్గుడు గుర్తొస్తారు. 2012లో నిర్భయ, 2019లో దిశ... కొవ్వొత్తులు పట్టుకుని రోడ్డెక్కాం. కానీ ఏటా వచ్చే జాతీయ నేర గణాంకాలు చూడండి. మహిళలపై నేరాల్లో అన్నిటికంటే పెద్ద వాటా భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింసదే. అంటే తలుపు లోపలే జరుగుతోంది. అది ముందు వినిపించేది పోలీసులకి కాదు, పక్కింటివాళ్లకి.

2008లో 'బ్రేక్‌త్రూ' సంస్థ 'బెల్ బజావో' అనే ప్రచారం మొదలుపెట్టింది. ఆ ప్రకటనల్లో పక్కింటి గొడవ విన్న మగవాడు వెళ్లి బెల్ కొడతాడు. కాసిని పాలున్నాయా అని ఏదో సాకు చెబుతాడు. అంతే. పోట్లాట లేదు, ఉపన్యాసం లేదు. బయట ఒకరు వింటున్నారని లోపలివాడికి తెలియాలి, అదే కిటుకు.

చట్టం కూడా మనవైపే ఉంది. 2005 గృహహింస చట్టం ప్రకారం హింస జరుగుతోందని నమ్మే ఎవరైనా రక్షణ అధికారికి చెప్పొచ్చు. బాధితురాలే వెళ్లాలని లేదు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసూ ఉండదు.

రెండోసారి చప్పుడు విన్నప్పుడు కాళ్లు వణుకుతూనే వెళ్లి బెల్ కొట్టా. "తోడుకి కాస్త పెరుగుందా అండీ?" ఆయన ఎగాదిగా చూశాడు. ఆవిడ చిన్న గిన్నెలో తెచ్చిచ్చింది. ఆ రాత్రికి గొడవ ఆగింది. ఆ ఒక్క రాత్రికే, ఒప్పుకుంటా. తర్వాత ఆయన లేనప్పుడు మా అమ్మ గిన్నె తిరిగిచ్చి, మహిళా హెల్ప్‌లైన్ 181 సంగతి చెప్పి వచ్చింది. ఏం చేయాలన్నది ఆవిడ నిర్ణయం. ప్రాణం మీదికొచ్చేలా ఉంటే మాత్రం సాకులు వెతక్కండి, 112కి ఫోన్ చేయండి.

చెయ్యెత్తని మగాడు మంచోడే అనుకునేవాణ్ని. సౌండ్ పెంచుకున్న ఆ రాత్రి తర్వాత అలా అనుకోలేకపోతున్నా.