ఆగి ఉన్న కారులో ఎండ

2025 మే 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకోవడానికి వెళ్లిన నలుగురు పిల్లలు ఆగి ఉన్న కారెక్కారు. తలుపులు లాక్ పడిపోయాయి. గంటల తర్వాత చూసేసరికి ప్రాణాలు లేవు. అంతకు నెల ముందే చేవెళ్ల దగ్గర ఇద్దరు చిన్నారులు ఇలాగే పోయారు. ఇలాంటి వార్త విన్నప్పుడల్లా ఊపిరాడక పోయారనే అనుకుంటాం. అద్దం రెండు వేళ్ల సందు దించితే చాలన్న ధీమా ఆ నమ్మకంలోంచే పుడుతుంది.

కారు గాలి చొరబడని పెట్టె కాదు. ప్రధానంగా ప్రాణం తీసేది వేడి. వెలుగు అద్దంలోంచి సులువుగా లోపలికొస్తుంది. నల్లటి డాష్‌బోర్డు, సీట్లు దాన్ని పీల్చుకుని కాగిపోతాయి, ఆ వేడిని పరారుణ కిరణాలుగా వదులుతాయి. వాటిని అద్దం బయటికి పోనివ్వదు. కాగిన గాలికీ పోయే దారి లేదు. అరిజోనా పరిశోధకులు 2018లో ప్రచురించిన కొలతల్లో, ఎండలో గంటసేపు ఉన్న కార్లలో గాలి సగటున 47 డిగ్రీల సెల్సియస్‌కి చేరింది, డాష్‌బోర్డు 69కి. నీడలో ఉంచినవాటిలోనూ గాలి 38. అంతకు ముందు, 2005లో, స్టాన్‌ఫర్డ్ వైద్యులు మరో సంగతి తేల్చారు: గంటలో పెరిగే వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగిపోతుంది. అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా ఉండదు.

పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్లకంటే 3 నుంచి 5 రెట్లు వేగంగా వేడెక్కుతుంది. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు తడబడుతుంది. తలుపు తీయాలన్న ఆలోచన కూడా అప్పుడు రాదు.

అమెరికాలో ఇలా పోయిన పిల్లల్లో సగానికి పైగా పెద్దలు కారులో మరచిపోయినవాళ్లే. అందుకే అక్కడ, దిగేటప్పుడు వెనక సీటు చూసేలా, చేతిసంచి వెనక సీట్లో పెట్టుకోమంటారు. ద్వారపూడిలో ఎవరూ ఎవరినీ మరచిపోలేదు, పిల్లలే ఎక్కారు. అలాంటప్పుడు ఆ సంచి చిట్కా ఎందుకూ కొరగాదు. కారు ఇంటి ముందున్నా లాక్ చేయాలి, తాళంచెవి పిల్లలకు అందకూడదు. పిల్లలు కనిపించకపోతే ముందుగా కార్లు వెతకాలి, డిక్కీతో సహా. చైల్డ్ లాక్ వేసిన వెనక తలుపులు లోపల్నుంచి తెరుచుకోవు కాబట్టి ముందు సీట్లోకి వచ్చి హారన్ నొక్కుతూనే ఉండాలని పిల్లలకు నేర్పాలి. చాలా కార్లలో ఇంజిన్ ఆపినా హారన్ మోగుతుంది. మీ కారు సంగతేమిటో ఇవాళే నొక్కి చూడండి.

బిడ్డ చిక్కుకుని కనిపిస్తే అద్దం పగలగొట్టడానికి వెనకాడొద్దు. నీడకు చేర్చి, బట్టలు విప్పి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గాలి విసరాలి. స్పృహ లేకుంటే నోట్లో నీళ్లు పోయకూడదు. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మరొకరు ఒంటిమీద నీళ్లు పోయడం మొదలుపెట్టాలి.