పాత అంబాసిడర్‌కు కొత్త వెనుక ఇరుసు: ఏం మారుతుంది, ఎక్కడ జాగ్రత్త పడాలి

బిలాస్‌పూర్ మీదుగా కోర్బా బొగ్గును లాగుకుపోయే రైలింజన్లలో డబ్ల్యూఏజీ-9 ఒకటి. ప్రయాణికుల రైళ్లను లాగే డబ్ల్యూఏపీ-7 దాని నుంచే పుట్టింది. రెండింటి శక్తీ సుమారు ఆరువేల హార్స్‌పవర్. ప్రధానంగా మారింది మోటారుకూ చక్రానికీ మధ్య ఉండే పళ్ల చక్రాల నిష్పత్తి. గూడ్స్ ఇంజనులో 15 పళ్ల చక్రం 77 పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. అంటే మోటారు 5.13 చుట్లు తిరిగితే రైలు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ప్రయాణికుల ఇంజనులో ఆ లెక్క 20కి 72, అంటే 3.6. దీంతో గరిష్ఠ లాగుడు బలం దాదాపు 460 కిలోన్యూటన్ల నుంచి 323కు తగ్గింది. గరిష్ఠ వేగం మాత్రం గంటకు 100 కిలోమీటర్ల నుంచి 140కి పెరిగింది.

అర్పా నదికి అవతలి ఒడ్డున సర్కండాలో ఎవరింట్లోనైనా తాతగారి అంబాసిడర్ ఉందనుకుందాం. దానికి కొత్త కాలపు వెనుక ఇరుసు వేయించాలన్న ఆలోచన వస్తే ముందుగా చూడాల్సింది ఈ లెక్కనే. ఇరుసు మారిస్తే బండికి బలం పెరుగుతుందని కొందరు మెకానిక్‌లు చెబుతుంటారు. అది నిజం కాదు. ఇంజను ఇచ్చే శక్తి అంతే ఉంటుంది. దాన్ని లాగుడుగా వాడుకోవాలా, వేగంగా వాడుకోవాలా అన్నదే మారుతుంది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో తయారుచేసిన అంబాసిడర్ 2014 వరకు నడిచింది. దశాబ్దాల పాటు దానికి వాడిన 1489 సీసీ ఇంజను బ్రిటన్‌లోని బీఎంసీ రూపొందించిన బీ-సిరీస్ కుటుంబానిది. ఇంజను తిప్పిన పొడవాటి షాఫ్ట్ వెనుక ఇరుసు మధ్యలో ఉన్న గుండ్రటి హౌసింగ్‌లోకి వెళ్తుంది. అందులో చిన్న పినియన్ పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. 9 పళ్ల పినియన్‌కు 41 పళ్ల క్రౌన్ ఉంటే నిష్పత్తి 4.56. దాని బదులు 11కి 43 పళ్లున్న జతను వేస్తే 3.91. టైరు ఒక చుట్టుకు రెండు మీటర్లు పోతుందనుకుంటే, టాప్ గేరులో 80 కిలోమీటర్ల వేగానికి మొదటి జతతో ఇంజను నిమిషానికి దాదాపు 3,040 చుట్లు తిరగాలి. రెండో జతతో 2,600 చాలు. రాయ్‌పూర్ వైపు మైదానపు రోడ్డులో ఇది హాయిగా ఉంటుంది, రొద తగ్గుతుంది. కానీ మైకల్ కొండల్లో వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున ఉన్న అమర్‌కంటక్‌కు నిండా మనుషులతో ఎక్కాలంటే, ప్రతి గేరులోనూ లాగుడు 14 శాతం తగ్గినట్టే. ఎక్కువగా తిరిగేది ఏ దారిలోనో ముందు తేల్చుకోవాలి.

ఇదే పనిని ఇంగ్లండులో ఎంజీ కార్ల అభిమానులు ఏళ్ల తరబడి చేస్తున్నారు. 1955లో వచ్చిన ఎంజీఏ నిష్పత్తి 4.3. 1962లో వచ్చిన ఎంజీబీది 3.9. రెండింటి ఇంజన్లూ బీ-సిరీస్‌వే. తొలి ఎంజీబీల ఇరుసు కూడా పాత పద్ధతిలోదే కాబట్టి, దాని నడిమి భాగాన్ని మాత్రమే విప్పి ఎంజీఏ హౌసింగ్‌లో బిగిస్తారు. చక్రాలకు శక్తిని చేరవేసే కడ్డీల చివరి గాడులు రెండింటికీ సరిపోతే చాలు, ఎక్కడా కోత, వెల్డింగు ఉండవు. వీలైతే ఇదే మేలైన దారి.

మొత్తం ఇరుసునే వేరే బండి నుంచి తెస్తే చిక్కులు మొదలవుతాయి. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటిని ముందు చక్రాలే నడుపుతాయి కాబట్టి వాటి వెనుక ఇరుసు మనకు పనికిరాదు. వ్యాన్లు, జీపుల నుంచి వచ్చేవాటికి వెడల్పు, చక్రపు బోల్టుల సంఖ్య, కమాన్ పట్టీలు కూర్చునే చోటు అన్నీ వేరుగా ఉంటాయి. పాత కూర్పులు కోసి కొత్తవి వెల్డింగు చేయాలి. ఇక్కడ అసలు ప్రమాదం కోణంలో ఉంది. షాఫ్ట్ రెండు చివర్లా ఉండే యూ-జాయింట్ వంగి తిరిగేటప్పుడు సమవేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. రెండు చివరి జాయింట్ల కోణాలు సమానంగా ఉంటే ముందుదాని ఎగుడుదిగుడును వెనుకది సరిచేస్తుంది. పినియన్ ముక్కు కాస్త పైకో కిందికో తిరిగిపోతే బండంతా వణుకుతుంది, కొన్నాళ్లకు జాయింట్ అరిగిపోతుంది. అందుకే బండి బరువు చక్రాల మీదే ఉండగా కోణం కొలిచి, ముందు చుక్కల వెల్డింగుతో నిలిపి, మళ్లీ కొలిచాకే పూర్తి వెల్డింగు వేయాలి. జాకీ మీద వేలాడుతున్నప్పుడు కొలిచిన కోణం పనికిరాదు.

బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యం. ఆపేటప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది, వెనుక చక్రాలు తేలికపడతాయి. కొత్త ఇరుసు తెచ్చిన డ్రమ్ములు బలమైనవైతే వెనుక చక్రాలు ముందే బిగుసుకుని, తడి రోడ్డు మీద బండి గిర్రున తిరిగిపోవచ్చు. వీల్ సిలిండర్ వ్యాసం 19 మిల్లీమీటర్ల నుంచి 22కు పెరిగితే, అదే పీడనంతో తోపుడు దాదాపు 34 శాతం పెరుగుతుంది. కంటికి మూడు మిల్లీమీటర్లే, కాలికింద మూడో వంతు తేడా!

మీటరు కూడా తప్పు చూపిస్తుంది. స్పీడోమీటరు తీగ గేరుబాక్సు నుంచి వస్తుంది కాబట్టి, పై ఉదాహరణలో నిజంగా 80లో వెళ్తుంటే సూది 69 దగ్గర నిలుస్తుంది. దాని గేరును మార్పించుకోవాలి.

చట్టం విషయానికి వస్తే, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా ఆర్సీలోని వివరాలు మారేలా బండిని సవరించకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే స్థిరపరిచింది. యాభై ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్‌గా నమోదు చేసేందుకు 2021లో నిబంధనలు వచ్చాయి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగిన బండికి ఆ నమోదు దక్కదు. కాబట్టి కోత మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. విప్పిన పాత ఇరుసును తుక్కుకు అమ్మకుండా దాచిపెట్టుకోవాలి.

చివరిగా నూనె సంగతి. ఇలాంటి ఇరుసుల్లో పినియన్ క్రౌన్ చక్రపు కేంద్రానికి కాస్త కిందుగా ఉంటుంది. అందువల్ల పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడమే కాదు, జారుతూ రాసుకుంటాయి. ఆ ఒత్తిడికి తట్టుకునే హైపాయిడ్ గేరు నూనెనే పోయాలి, ఇంజను ఆయిల్ పనికిరాదు. కొత్తగా బిగించాక పాతిక కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆపండి. హౌసింగ్‌పై చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడో వదిలినప్పుడో కూత వినిపించినా క్రౌన్, పినియన్ల మధ్య ఎడం సరిగా లేదేమో చూడాలి. అంతా బాగానే ఉన్నా, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఆ తొలి నూనెను తెల్లటి గుడ్డ మీదకు దించి, ఇనుప రవ్వలున్నాయేమో చూసి మార్చేయాలి.