పాలిఅనిలిన్ నానోతంతువుల తయారీ
యూరియా వేసిన నేల నుండి ఆవిరయ్యే అమ్మోనియాను గుర్తించే సెన్సర్లకు పాలిఅనిలిన్ అనే విద్యుద్వాహక పాలిమర్ అనువైనది. అమ్మోనియా దాని నుండి ప్రోటాన్లను గ్రహించగా విద్యుత్ నిరోధం పెరుగుతుంది. తంతువులు సన్నగా ఉంటే వాయువు త్వరగా లోనికి చొచ్చుకుపోతుంది.

సూక్ష్మరంధ్రాల పొరను అచ్చుగా వాడి తంతువులను తయారు చేయవచ్చు. కాని అచ్చును కరిగించేటప్పుడు అవి దెబ్బతినవచ్చు. అమెరికాలో కేనర్ బృందం 2003లో వెల్లడించిన అంతరతల పాలిమరీకరణకు అచ్చుతో పనిలేదు. నీటిలో కలవని ద్రావణిలో అనిలిన్‌ను, ఆమ్లజలంలో అమ్మోనియం పెర్‌సల్ఫేట్‌ను ఉంచుతారు. రెండూ తాకే తలంపై ఏర్పడిన పచ్చని తంతువులు నీటిలోకి జారిపోవడం వల్ల వాటిపై పాలిమర్ మళ్లీ పేరుకోదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వాటి వ్యాసం 30–50 నానోమీటర్లు.

ద్రావణాలను ఒక్కసారిగా కలిపినా తంతువులే వస్తాయి. చుక్కచుక్కగా పోసే పాత అలవాటే ముద్దలకు కారణం. అయితే గాలిలోని తేమ కూడా నిరోధాన్ని మారుస్తుంది. పొలంలో ఆ మేరకు సవరణ తప్పదు.