చెవిలో హోరు.. జ్వరమొస్తే ఎందుకు పెరుగుతుంది?

డ్యూటీ దిగి, స్నానం చేసి, వండుకు తిని రాత్రి పదింటికి మంచమెక్కుతాం. రూములో లైటు ఆర్పేస్తారు. పగలంతా గుర్తుకురాని చప్పుడు అప్పుడే చెవిలో మొదలవుతుంది. ఒకరికి కీచురాయి అరిచినట్లు, ఇంకొకరికి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమన్నట్లు. పక్క మంచం మీది అన్నను అడిగితే 'నాకేం వినిపించట్లేదే' అంటాడు. బయట లేకుండా మనకే వినిపించే ఈ హోరునే డాక్టర్లు టిన్నిటస్ అంటారు.

జాక్ హామర్, గ్రైండర్, జనరేటర్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవారికి ఇది తెలిసిన బాధే. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి సన్నని కణాలుంటాయి. పెద్ద చప్పుళ్లకు అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. అక్కడి నుంచి అందాల్సిన శబ్దం తగ్గేసరికి మెదడు తన వాల్యూమ్ పెంచుకుంటుందని, అదే హోరుగా వినిపిస్తుందని నిపుణులు చెబుతారు.

కరోనా నేర్పిన పాఠం

ఈ హోరుతో సర్దుకుపోయి బతుకుతున్నవారిని 2020లో కరోనా మళ్లీ కలవరపెట్టింది. బ్రిటన్‌లోని ఆంగ్లియా రస్కిన్ యూనివర్సిటీ పరిశోధకులు 48 దేశాలకు చెందిన 3,103 మంది టిన్నిటస్ బాధితులను ప్రశ్నించి, ఆ ఏడాది నవంబరులో ఫలితాలు ప్రకటించారు. కరోనా లక్షణాలు కనిపించినవారిలో 40 శాతం మంది తమ హోరు పెరిగిందన్నారు. జబ్బు ఒక్కటే కాదు, అంటుకుంటుందన్న భయం, డబ్బు దిగులు, ఒంటరితనం, నిద్రలేమి కూడా బాధను పెంచాయని తేలింది. జవాబిచ్చినవారిలో ఎక్కువమంది బ్రిటన్, అమెరికా వాసులే. కానీ ఆ దిగుళ్లు మనకు కొత్తవా? 2020 మార్చిలో దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో కొంత భాగాన్ని మూసేశారు. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యేదాకా ఇంటికి పోయే దారి లేక గల్ఫ్‌లో ఎందరో ఎదురుచూశారు.

ఎందుకిలా?

కరోనా అయినా, ఫ్లూ అయినా, మామూలు జలుబైనా ముక్కు వెనుక నుంచి చెవికి వెళ్లే గొట్టం వాచి మూసుకుపోవచ్చు. అప్పుడు బయటి చప్పుడు తగ్గి, లోపలి హోరు పెద్దదిగా తోస్తుంది. జ్వరంతో నిద్ర ఉండదు. నిద్ర లేకపోతే చిరాకు, చిరాకుతో హోరు మీదే ధ్యాస, ఆ ధ్యాసతో మళ్లీ నిద్ర కరువు. ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, మలేరియాకు వాడే క్వినైన్ వంటి మందులూ కొందరిలో హోరు పెంచుతాయి. అనుమానముంటే డాక్టరును అడగండి, రాసిన మందును మీ అంతట మీరు ఆపకండి.

ఏం చేయాలి?

ఈ హోరును పూర్తిగా పోగొట్టే మాత్ర ఇంతవరకు లేదు. అలా చెప్పి అమ్మేవారి మాట నమ్మి జీతం డబ్బులు పోగొట్టుకోకండి. చెవిలో నూనె, పుల్లలు పెట్టకండి. జలుబుతో పెరిగిన హోరు చాలామందిలో జలుబు తగ్గాక దిగుతుంది. రాత్రి పూర్తి నిశ్శబ్దం కన్నా ఫ్యాను చప్పుడో, ఫోన్లో చిన్నగా పెట్టిన వాన చప్పుడో మేలు. వినికిడి తగ్గినవారికి మిషన్ పెడితే హోరు బాధ కూడా తగ్గవచ్చు. దిగులు తగ్గించే కౌన్సెలింగ్ కూడా పనిచేస్తుంది. సైటులో 85 డెసిబెల్స్ దాటిన మోత దగ్గర ఇయర్ ప్లగ్ తప్పనిసరి. పక్క మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తుంటే మోత ఆ స్థాయికి చేరినట్లే.

ఆలస్యం వద్దు

ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. మొదటి రోజుల్లో మందు పడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. తల తిరుగుతున్నా, ఒకే చెవిలో హోరు ఉన్నా, నాడి కొట్టుకున్నట్లు వినిపిస్తున్నా డాక్టరుకు చూపించుకోండి.

'మెడికల్‌లో అన్‌ఫిట్ రాస్తారేమో' అని చాలామంది దాచుకుంటారు. ఆ భయంలో అర్థముంది. కానీ వెనక్కి వస్తున్న ట్రక్కు హారన్ వినపడకపోతే పోయేది ఉద్యోగం కాదు, ప్రాణం. ముందు రూములో నమ్మకమున్న ఒక్కరికైనా చెప్పండి. హోరు భరించలేక బతుకు మీదే విరక్తి కలిగితే ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి, పక్కవారిని లేపి ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. మీ పక్క మంచం అన్న నాలుగు రోజులుగా నిద్రపోవడం లేదా? ఏమైందని మీరే ముందు అడగండి.