కరెంటు బ్రష్ కొనాలా? మామూలు బ్రష్ చాలదా?

క్రిస్మస్ సెలవులకు విదేశాల నుండి వచ్చిన పిల్లలు తిరిగి వెళ్ళిపోయిన తర్వాత, మా ఆసుపత్రి దంత వైద్య విభాగంలో ప్రతి ఏటా ఒకే ప్రశ్న వినిపిస్తూ ఉంటుంది. “మా అబ్బాయి అమెరికా నుండి కరెంటు బ్రష్ తెచ్చాడండీ. మా వయసువాళ్ళు వాడవచ్చా? పళ్ళు అరిగిపోవు కదా?” కొందరు దాన్ని అట్టపెట్టెతో సహా సంచిలో పెట్టుకొని మరీ తెస్తారు. కొందరి ఇళ్ళలో అది బీరువాలో చీరల మధ్య భద్రంగా ఉండిపోతుంది. ఇప్పుడు మన పట్టణాల షాపుల్లో కూడా ఇవి దొరుకుతున్నాయి కాబట్టి, విదేశాల్లో పిల్లలు లేనివారు కూడా అడుగుతున్నారు. అందుచేత ఈ సంచికలో ఆ విషయమే వివరంగా వ్రాస్తున్నాము.

ఈ బ్రష్ డబ్బున్నవారి వేడుక కోసం పుట్టినది కాదు. 1954లో స్విట్జర్లాండ్ దేశంలో ఫిలిప్ గీ వూగ్ అనే ఆయన బ్రాక్సోడెంట్ అనే పేరుతో దీనిని తయారుచేశారు. చేతులు సరిగా ఆడని రోగులు, పళ్ళకు తీగలు కట్టించుకున్నవారు పళ్ళు శుభ్రం చేసుకోలేక పడే ఇబ్బందిని చూసి, మొదట అటువంటివారి కోసమే ఉద్దేశించారు. 1960లో అది అమెరికాలో అమ్మకానికి వచ్చిన తర్వాత అందరి చేతుల్లోకి వెళ్ళింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, ఈ రోజున కూడా దీని అవసరం అందరికంటే ఎక్కువగా అటువంటివారికే ఉంది. మన ఇళ్ళలో మాత్రం ఇది ముందుగా కాలేజీకి వెళ్ళే పిల్లవాడి చేతికి వస్తుంది. మంచం మీద ఉన్న నాయనమ్మ దాకా రాదు.

పాచి అంటే ఏమిటి?

ఉదయం లేవగానే నాలుకతో పళ్ళను తడిమి చూడండి. జిగటగా, నూగుగా తగులుతుంది. అదే పాచి. అందులో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న బెల్లం, బిస్కెట్, తీపి టీ వాటికి కూడా ఆహారమే. వాటిని తిని అవి ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆ ఆమ్లం పంటిపై ఉన్న గట్టి పొరను మెల్లగా కరిగిస్తే పుచ్చు పన్ను అవుతుంది. చిగురు అంచున నిలిచిన పాచి వలన చిగుళ్ళు వాచి, ముట్టుకుంటే రక్తం వస్తుంది. దానిని అలాగే వదిలేస్తే ఉమ్మిలోని లవణాలు చేరి రాయిలా గట్టిపడుతుంది. దానినే మనం గార అంటాము.

పాచి మెత్తనిది. దానిని తీయడానికి బలం అక్కర్లేదు, ప్రతి పంటినీ చేరుకోవడం మాత్రం కావాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. బ్రష్ చేతికి ఇచ్చి “మీరు రోజూ ఎలా తోముకుంటారో చూపించండి” అని అడిగితే, ఇత్తడి బిందె తోమినట్టు ముందు పళ్ళను అటూ ఇటూ గట్టిగా రుద్ది ఒక నిమిషంలోపే ముగించేస్తారు. నవ్వితే కనిపించే పళ్ళు మెరుస్తాయి. దవడ పళ్ళ లోపలి వైపు, కింది పళ్ళ వెనుక పాచి ఎక్కడిది అక్కడే ఉంటుంది. గట్టిగా రుద్దినచోట చిగురు కిందికి జారి, పంటి మొదట్లో గాటు పడి, చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటుంది. బొగ్గు పొడి, ఇటుక పొడి, కచ్చిక బూడిద వాడేవారిలో ఈ అరుగుదల మరీ ఎక్కువ. వేప పుల్లను మేము తప్పు పట్టము. మన పెద్దలు దానితోనే కాలం గడిపారు. కాని దవడ పళ్ళ వెనుక భాగానికి పుల్ల అందదు, అందులో ఫ్లోరైడ్ కూడా ఉండదు.

కరెంటు బ్రష్ చేసే పని ఏమిటంటే, చేయి ఆడించవలసిన ఆటను మోటారే ఆడిస్తుంది. మన పని దానిని సరైన చోట ఆనించి పట్టుకోవడమే. ఇవి ముఖ్యంగా రెండు రకాలు. ఒక రకానికి గుండ్రటి చిన్న తల ఉండి, అది ఒకవైపు కొంత, మరొకవైపు కొంత తిరుగుతుంది. రెండవ రకం చూడటానికి మామూలు బ్రష్ లాగానే పొడవుగా ఉండి, నిమిషానికి వేల సార్లు సన్నగా అదురుతుంది. దీనిని సోనిక్ అంటారు.

నిజంగా మేలు ఉందా? 2014లో కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 56 పరిశోధనలను కలిపి పరిశీలించింది. వాటిలో ఐదు వేలమందికి పైగా పాల్గొన్నారు. మామూలు బ్రష్ వాడినవారితో పోల్చితే, కరెంటు బ్రష్ మూడు నెలలకు పైగా వాడినవారిలో పాచి 21 శాతం, చిగుళ్ళ వాపు 11 శాతం తక్కువగా కనిపించాయి. అంటే మేలు ఉంది, కాని ఆకాశమంత తేడా లేదు. చేతులు బాగా ఆడేవారు మెత్తటి మామూలు బ్రష్‌తో రెండు నిమిషాలు ఓపికగా తోముకుంటే వారి పళ్ళు కూడా చక్కగా ఉంటాయి. కాబట్టి అప్పు చేసి కొనవలసిన వస్తువు కాదని మా అభిప్రాయం.

ఎవరికి తప్పక ఉపయోగం?

పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయినవారు, వేళ్ళ కీళ్ళు వంకర్లు పోయినవారు, వణుకుడు జబ్బు ఉన్నవారు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు, పళ్ళకు తీగలు కట్టించుకున్న పిల్లలు. వీరి విషయంలో మేమే కొనమని చెబుతాము.

పక్షవాతం వచ్చిన ఒక తల్లిగారిని ఆమె కోడలు మా దగ్గరకు తీసుకొని వచ్చింది. అన్నం తినడం మానేశారు, నోరు వాసన వస్తోంది అని కంప్లయింట్. చూస్తే పడిపోయిన వైపు బుగ్గలో రెండు పూటల అన్నం అలాగే ఉంది. స్పర్శ లేనందువల్ల అది అక్కడ ఉన్నట్టు ఆమెకు తెలియదు. ఆ వైపు చిగుళ్ళన్నీ వాచి ఉన్నాయి. రోజూ స్నానం చేయించి, తల దువ్వి, శుభ్రమైన చీర కట్టి ఎంతో ప్రేమగా చూసుకుంటున్న కోడలు అది విని కన్నీళ్ళు పెట్టుకుంది. నోరు తెరిచి చూడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇందులో ఆమె తప్పు ఏమీ లేదు. నోటికి సంబంధించిన మాట డిశ్చార్జి రోజున అందరికంటే ముందుగా మేమే చెప్పి ఉండవలసింది.

ఇది కేవలం పళ్ళ సంగతి కాదు. మింగడం సరిగా రానివారిలో నోటిలోని సూక్ష్మజీవులు ఉమ్మితో పాటు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. మంచం మీద ఉన్నవారికి అది ప్రాణాంతకం కావచ్చు. నోరు శుభ్రంగా ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది.

అటువంటివారికి మీరు తోమేటప్పుడు పడుకోబెట్టి తోమవద్దు. కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి ఉంచండి. ముందు వేలికి తడి గుడ్డ చుట్టి బుగ్గలో ఉన్న మెతుకులు తీసివేయండి. పేస్టు శనగగింజంత కూడా వద్దు, కుచ్చు మీద పలుచగా పూస్తే చాలు. బ్రష్‌ను నోట్లో పెట్టి, పంటికి ఆనించిన తర్వాతే స్విచ్ వేయండి. ముందే వేస్తే ముఖమంతా చిందుతుంది, పెద్దవారు బెదిరిపోతారు కూడా. మొదటి రోజున వారి చేతి మీద ఆ అదురు తెలిసేటట్టు ఆనించి చూపించండి. నురుగును గుడ్డతో తుడవండి. ఒక చేయి బాగున్నవారైతే లావుపాటి పిడిని తామే పట్టుకోగలరు. తమ పళ్ళు తామే తోముకోగలిగిన రోజున వారి ముఖంలో కనిపించే సంతోషం మేము చూశాము.

కొనేటప్పుడు

ఎక్కువ రంగుల లైట్లు, ఫోనుతో కలిపే సదుపాయాలు మనకు అవసరం లేదు. కుచ్చు మెత్తగా ఉండాలి. రెండు నిమిషాలకు ఆగే గడియారం, గట్టిగా అదిమితే హెచ్చరించే ఏర్పాటు ఉంటే మంచిది. అన్నిటికంటే ముఖ్యంగా దానికి సరిపోయే విడి తలలు మీ ఊళ్ళో, లేక దగ్గర పట్టణంలో దొరుకుతాయో లేదో అడగండి. తలను మూడు నెలలకొకసారి మార్చాలి. కుచ్చు ముందే విచ్చుకుంటే అంతకంటే ముందే మార్చాలి. బ్రష్ బహుమతిగా వచ్చినా తలల ఖర్చు మనదే. పెన్సిలు బ్యాటరీతో పనిచేసేవి కొన్ని వందల్లో వస్తాయి గాని, బ్యాటరీ తగ్గినకొద్దీ వాటి వేగం కూడా తగ్గుతుంది. చార్జింగ్ చేసుకొనేవి నమ్మకమైనవి. కరెంటు కోతకు భయపడనవసరం లేదు, వాటిలో చాలావరకు ఒకసారి చార్జి చేస్తే కొన్ని రోజుల పాటు పనిచేస్తాయి.

అమెరికా నుండి తెచ్చిన బ్రష్ అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. చార్జర్ అడుగున సన్నటి అక్షరాలు ఉంటాయి, కళ్ళజోడు పెట్టుకొని చదవండి. 100 నుండి 240 వోల్టులని ఉంటే పిన్ను మార్చే అడాప్టర్ పెట్టి వాడవచ్చు. 110 లేక 120 అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టకండి, కాలిపోతుంది. పిన్ను మార్చినంత మాత్రాన వోల్టేజి మారదు.

గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు వాడే ముందు మీ గుండె డాక్టరుగారిని అడగండి. చార్జర్‌ను ఛాతీ దగ్గర పట్టుకోవద్దు.

వాడే పద్ధతి

దీనిని మామూలు బ్రష్ లాగా అటూ ఇటూ రుద్దకూడదు. చాలామంది అలవాటు చొప్పున రుద్దుతారు, అప్పుడు మోటారు వలన లాభం ఉండదు. కలం పట్టుకున్నట్టు తేలికగా పట్టుకొని, పన్ను, చిగురు కలిసే అంచున ఆనించండి. ఒక్కొక్క పంటి దగ్గర రెండు మూడు సెకన్లు ఉంచి పక్క పంటికి జరపండి. బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు మూడూ రావాలి. నోటిని నాలుగు భాగాలనుకొని ఒక్కొక్క భాగానికి అర నిమిషం కేటాయించండి. ఉదయం ఒకసారి, రాత్రి పడుకొనే ముందు మరొకసారి. రెండింటిలో ఒకటే కుదురుతుందంటే రాత్రిదే చేయండి. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడండి. చివరలో ఉమ్మివేయండి, చెంబుడు నీళ్ళతో పుక్కిలించవద్దు. పేస్టులోని ఫ్లోరైడ్ కొంతసేపు పంటిమీద ఉండనివ్వాలి.

పిడి ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండవచ్చు, తల మాత్రం ఎవరిది వారిదే. తల కింద ఉండే రంగు వలయాలు అందుకే. ఏడెనిమిదేళ్ళ వరకు పిల్లల పళ్ళు పెద్దవాళ్ళే దగ్గరుండి తోమించాలి, బ్రష్ ఏదైనా సరే. పళ్ళ సందుల్లోకి ఏ బ్రష్ కుచ్చూ పూర్తిగా వెళ్ళదు. దానికి సన్నని సందు బ్రష్‌లు, దారం ఉన్నాయి. పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టి చిగుళ్ళు పొడుచుకోకండి.

మొదటి వారంలో పళ్ళు జిలజిలలాడటం, కొంచెం రక్తం కనిపించడం మామూలే. రక్తం వస్తోందని తోమడం మానేసేవారు మాకు చాలామంది కనిపిస్తారు. మానేస్తే పాచి పెరుగుతుంది, రక్తం ఇంకా ఎక్కువవుతుంది. రెండు వారాలు శ్రద్ధగా తోమినా తగ్గకపోతే రండి. షుగరు ఉన్నవారు అంతవరకు కూడా ఆగవద్దు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు త్వరగా చెడతాయి, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది.

ఎంత ఖరీదైన బ్రష్ అయినా గట్టిపడిన గారను తీయలేదు. దానిని మా దగ్గర మిషనుతో తీయించుకోవలసిందే. “గార తీయిస్తే పళ్ళు కదులుతాయటగా” అని భయపడేవారు ఇప్పటికీ ఉన్నారు. పళ్ళు కదిలేది గార కింద ఎముక కరిగినందువల్ల. అంతవరకు ఆ గారే కట్టు కట్టినట్టు పట్టి ఉంచుతుంది కాబట్టి, అది తీయగానే అసలు సంగతి బయటపడుతుంది. త్వరగా తీయిస్తే ఆ స్థితి రాదు.

నల్గొండ, ప్రకాశం వైపు నుండి వచ్చే యువతీయువకులకు ఒక మాట. నీటిలో ఎక్కువైన ఫ్లోరైడ్ వలన చిన్నతనంలోనే పంటిలో ఏర్పడిన గోధుమరంగు చారలు మురికి కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు గురించి 1937లోనే వైద్య పత్రికలో వ్రాశారు. తోమితే పోయేవి కావు. పెళ్ళిచూపులకు ముందు గట్టిగా తోమి చిగుళ్ళు పుండు చేసుకొని వచ్చినవారిని చూస్తే మాకు బాధ కలుగుతుంది. దానికి వేరే చికిత్సలు ఉన్నాయి, అడగండి.

ఈసారి దంత విభాగానికి వచ్చేటప్పుడు మీరు రోజూ వాడే బ్రష్, అది ఏదైనా సరే, వెంట తెచ్చుకోండి. అద్దం ముందు నిలబెట్టి మీ చేతనే తోమించి చూపిస్తాము. ఇంట్లో మంచం మీద ఉన్నవారికి తోమవలసి వస్తే, ఆ పని చేసే కోడలో, కూతురో, కొడుకో కూడా రావాలి.