పని తెలియడం వేరు, పని నేర్పడం వేరు

ఇరవై ఏండ్లు లేతు యంత్రం వద్ద నిలిచి చేయి తిరిగిన మేస్త్రీకి ఆ పనిని ఇతరులకు నేర్పడం కూడ తెలిసే ఉంటుందని కర్మాగారాల యజమానులు సాధారణంగా భావిస్తారు. కొత్తగా చేరినవారిని పదిమందిని ఆయనకు అప్పగిస్తారు. ఆయన చకచక చేసి చూపి, "ఇంతేగదా, చూచినారా?" అంటాడు. అందరూ చూచినారు, చేయడం మాత్రం ఎవరికీ రాలేదు. మేస్త్రీ నైపుణ్యంలో లోపం లేదు, నేర్చుకొనేవారి బుద్ధిలోనూ లేదు. పని తెలియడం ఒక విద్య, నేర్పడం వేరొక విద్య. ఈ రెండవ విద్యను విశ్వవిద్యాలయాలలో స్నాతకోత్తర స్థాయిలో బోధిస్తున్నారంటే, పెద్దవారికి పాఠం చెప్పడానికి మరొక పట్టం ఎందుకని కొందరు అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నే.

దీనికి సమాధానం మొదట విశ్వవిద్యాలయాలలో కాక, ఓడల రేవులలో దొరికింది. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించినప్పుడు ఓడల నిర్మాణానికి వేలాది పనివారు హఠాత్తుగా కావలసివచ్చినారు. వారిని తయారుచేసే బాధ్యతలో పాలుపంచుకొన్న ఛార్లెస్ అలెన్ అనే ఆయన, బోధనను నాలుగు మెట్లుగా విభజించినాడు: నేర్చుకొనేవానిని సిద్ధపరచడం, పని చూపడం, వానిచేత చేయించడం, వచ్చినదో లేదో పరీక్షించడం. 1919లో ఈ పద్ధతిని గ్రంథంగా వెలువరించినాడు. మన మేస్త్రీ ఈ నాలుగింటిలో రెండవదొక్కటే చేసి ఊరుకొన్నాడని వేరే చెప్పనక్కరలేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1940 మొదలు 1945 వరకు, ఆ దేశ ప్రభుత్వం ఈ పద్ధతినే ఆధారంగా తీసికొని పదహారు లక్షలకు పైగా పర్యవేక్షకులకు తరిఫీదు ఇచ్చింది. ఒక ఉదాహరణ చాలును. యుద్ధ పరికరాలకు కావలసిన కటకాలను సానబట్టే పని నేర్వడానికి ఐదేండ్లు పడుతుందని అంతవరకు అనుకొనేవారు. ఆ పనిని భాగాలుగా విడదీసి చూడగా, నిజమైన నేర్పు కొద్ది భాగాలకే అవసరమనీ, తక్కినవి ఇతరులు చేయదగినవేననీ తేలింది. శిక్షణకాలం కొన్ని నెలలకు దిగింది. నేర్చుకొనేవానికి పని రాకపోతే తప్పు నేర్పినవానిదేనని ఆ శిక్షకులు సూత్రంగా పెట్టుకొన్నారు. బడిలో దెబ్బలు తిని చదువుకొన్న మన తరాలవారికి ఇది కొంత విడ్డూరంగానే ఉంటుంది.

విశ్వవిద్యాలయాలు ఇటు చూపు సారించింది 1930 ప్రాంతంలో. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో వయోజన విద్యకు ప్రత్యేక శాఖ ఏర్పడింది. 1935లో ఇద్దరికి ఈ విషయంలో డాక్టరేటు లభించింది. తరువాత బోస్టన్‌లో ఇటువంటి స్నాతకోత్తర తరగతులు నడిపిన మాల్కమ్ నోల్స్ పేరు బాగా వ్యాపించింది. వయోజనుడు ఖాళీ పాత్ర కాడు. అనుభవాన్ని వెంటబెట్టుకొని వస్తాడు. ఎందుకు నేర్వాలో తెలిస్తేనే మనసు పెడతాడు. రేపటి పనికి అక్కరకు వచ్చేదానినే కోరుకొంటాడు. నోల్స్ వాదంలో ముఖ్యాంశాలివి. 1970లో వెలువడిన తన గ్రంథంలో ఆయన పెద్దల విద్యకూ పిల్లల విద్యకూ నడుమ గోడ కట్టినాడు. పిల్లల విషయంలోనూ తన సూత్రాలు పనిచేస్తున్నాయని ఉపాధ్యాయులు చెప్పగా, 1980 నాటి కూర్పులో ఆ గోడను చాలవరకు తొలగించినాడు. పండితులలో ఇది అరుదైన గుణం.

ఇక పాఠ్యక్రమం. పెద్దలు నేర్చే తీరు, శిక్షణ ప్రణాళికను రూపొందించడం, సంస్థలలో మార్పు తేవడం, ఫలితాలను కొలవడం, సాధారణంగా ఇవీ అంశాలు. వీటిలో చివరిదే కష్టమని నా అభిప్రాయం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1954లో పరిశోధన ముగించిన డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్, 1959 నుండి ప్రకటించిన వ్యాసాలలో నాలుగు ప్రశ్నలు సూచించినాడు: వచ్చినవారికి శిక్షణ నచ్చినదా? ఏమైనా నేర్చినారా? తిరిగి వెళ్ళి పని తీరు మార్చుకొన్నారా? సంస్థకు మేలు కలిగినదా? మన శిక్షణ శిబిరాలు తరచు మొదటి ప్రశ్నతోనే ముగుస్తాయి. అభిప్రాయ పత్రాలు నింపుతారు, తేనీరు తాగుతారు, ఛాయాచిత్రం తీయించుకొంటారు. మూడవ ప్రశ్న అడిగితే చిక్కు బయటపడుతుంది. కొత్త పద్ధతి నేర్చివచ్చిన ఉద్యోగిని పై అధికారి "ఆ సంగతులు ఇక్కడ కుదరవు" అంటే, వారం తిరగకుండా పాతదారే. అందువల్లనే ఈ చదువులో బోధనతోపాటు నాయకత్వం కూడ చేరింది. అధికారిని ఒప్పించలేని శిక్షకుడు తరగతి గదిలో ఎంత సమర్థుడైనా ప్రయోజనం స్వల్పం.

మన దేశానికి ఈ భావాలు కొత్తవి కావు. గ్రంథాలయోద్యమ నాయకులైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వయోజన విద్యకై ఎంతో శ్రమించినారు. 1956లో ఆకాశవాణి పూనా ప్రాంతపు 150 గ్రామాలలో రైతుల శ్రవణ గోష్ఠులను నడిపింది. ప్రసారం విని, చర్చించి, తమ ప్రశ్నలను వారు తిరిగి కేంద్రానికి వ్రాసేవారు. 1958లో ఏర్పడిన కేంద్ర కార్మిక విద్యామండలి, కార్మికులలోనుండే కొందరిని ఎన్నుకొని, శిక్షణ ఇచ్చి, తోటివారికి బోధకులుగా పంపింది.

ఉద్యోగం చేస్తూ ఈ పట్టానికి చదువదలచినవారు ప్రవేశానికి ముందు ఒక్క సంగతి విచారించుకోవడం మంచిది: ఆ తరగతులలో విద్యార్థి నిజమైన కార్యస్థలంలో శిక్షణ నిర్వహించి, కొన్ని నెలల తరువాత తిరిగి వెళ్ళి దాని ఫలితాన్ని పరిశీలించే ఏర్పాటు ఉన్నదా, లేదా?